నూట ఇరవై కిలోల మద్దతు

మాంటెనెగ్రో కొండప్రాంతపు వారపత్రికల్లో అగ్రగణ్యమైన మా ‘కొండపిలుపు’ ఈ నవంబరు మొదటి గురువారం నుంచి ఒక కొత్త నియమాన్ని అమలు చేస్తున్నదని పాఠకులకు సవినయంగా తెలియజేస్తున్నాను. స్వలింగ ప్రేమికుల హక్కులకు మద్దతు తెలిపే మగవారెవరైనా తమ అభిప్రాయంతో పాటు, తాము మగవారేనని రుజువు చేసే ఆధారాలు మూడు జతపరచాలి. ఒకటి, ఎత్తు, బరువు, ఛాతీ చుట్టుకొలత. రెండు, భార్యాబిడ్డల వివరాలు. మూడు, బరువైన వస్తువుతో గానీ, స్వయంగా వేటాడిన జంతువుతో గానీ దిగిన ఫొటో. ఆధారాలు లేని అభిప్రాయాలు పరిశీలనకు స్వీకరించబడవు.

వ్యతిరేకించే మగవారికి ఈ నియమం వర్తించదు. వ్యతిరేకించడమే ఒక రుజువు. మందుల షాపు సిమో ఎలుకను చూస్తే కుర్చీ ఎక్కుతాడని ఊరంతా ఎరుగును. అయినా ఆయన రాసిన వ్యతిరేక లేఖ ఏ ఆధారమూ లేకుండానే రెండో పేజీలో వచ్చింది. ఆడవాళ్ళకు కూడా మినహాయింపు ఇచ్చాం. వాళ్ళ అభిప్రాయాలను వంటల పేజీలో, స్థలం మిగిలితే వేస్తాం.

ఇదంతా ఎందుకు వచ్చిందంటే, ఇద్దరు మగవాళ్ళు గానీ ఇద్దరు ఆడవాళ్ళు గానీ ఒక కుటుంబంగా నమోదు చేసుకోవచ్చుననే చట్టం మీద రాజధానిలో పార్లమెంటు వారు చర్చ పెట్టారు. అలాంటి పెద్ద చర్చకు మా వంతు సాయం చేయకపోతే బాగుండదని మా ఎడిటరు మిలాదిన్ గారు కార్యాలయంలో అందరినీ నిలబెట్టి ఒక ఉపన్యాసం ఇచ్చారు. అందరూ అంటే నేనూ, టైపు చేసే ఆవిడా.

"మిత్రులారా! న్యాయం చెప్పే గొంతు బొంగురుగా ఉండాలి. సన్న గొంతుతో చెబితే అది న్యాయంలా ఉండదు, వాడి సొంత గొడవలా ఉంటుంది. కాబట్టి గొర్రెను భుజాన వేసుకుని కొండెక్కగలవాడు ఒక్కడు మద్దతిస్తే చాలు. పుస్తకాలు చదివేవాళ్ళు పదిమంది ఇచ్చినా మనకు పనికిరాదు!"

ఆయన దూరదృష్టికి నేను చేతులు జోడించాను. టైపు ఆవిడ కాఫీకి వెళ్ళింది.

నియమానికి మొదట తలవంచినవారు మా స్కూలు లెక్కల మాస్టారు. చట్టాన్ని సమర్థిస్తూ ఆయన నాలుగు పేజీల లేఖ పంపారు. అందులో వాదన బాగుంది, అక్షరదోషాలు లేవు. ఆ రెండు కారణాల వల్లనే ఎడిటరు గారికి అనుమానం వచ్చింది. మాస్టారు భార్యను వెంటబెట్టుకుని వచ్చి చూపించారు. ఆవిడ కూడా నిజమేనని సాక్ష్యం చెప్పింది. కానీ వాన పడితే మాస్టారు గొడుగు వేసుకుంటారన్న సంగతి బయటపడింది. మా కొండల్లో మగవాడు తడుస్తాడు. చివరికి పక్కింటివాళ్ళ ట్రాక్టరుకు ఆనుకుని ఫొటో దిగే షరతు మీద లేఖలోంచి ఒక వాక్యం వేశాం. ఆ మర్నాటి నుంచి ఊళ్ళోవాళ్ళు తమ ట్రాక్టర్లు మొరాయిస్తే మాస్టారి ఇంటికి తోలుకొస్తున్నారు.

సరిగ్గా ఆ వారమే బ్లాజో ఉత్తరం వచ్చింది. ఎడిటరు గారు కవరు మీద పేరు చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

బ్లాజో అంటే మా జిల్లాలో రాతి విసురు పోటీల్లో ఏడుసార్లు విజేత. భుజం మీద బండరాయి పెట్టుకుని విసిరే ఆ పోటీ మా తాతల నాటిది. మిగతా రోజుల్లో అతను రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు. మనిషి నూట ఇరవై కిలోలు ఉంటాడు. మీసం చూసి పిల్లలు ఏడుపు మానేస్తారు. అతని భార్య స్తానా నాకు వరసకు చెల్లెలు, అంటే అతను నాకు బావ.

ఉత్తరంలో ఇరవై మూడు లైన్లున్నాయి. అతని తమ్ముడు సముద్రం ఒడ్డు ఊళ్ళో ఇంకొక మగవాడితో కాపురం ఉంటున్నాడు. ఆ సంగతి తెలిసిన రోజు వాళ్ళ నాన్న చిన్నవాణ్ణి గడప దాటించి, మళ్ళీ ఈ ఇంటికి రావద్దన్నాడు. అది జరిగి పదకొండేళ్ళు. ఆ ముసలాయన పోయి రెండేళ్ళు. డిసెంబరు పందొమ్మిదిన సెయింట్ నికోలస్ రోజు, అది వాళ్ళ ఇలవేల్పు పండుగ. ఆ రోజుకి తమ్ముడు తన మనిషిని వెంటబెట్టుకుని ఇంటికి రావాలని బ్లాజో కోరిక.

ఫోను చేసి పిలవొచ్చు కదా అని మీరంటారు. పిలవకూడదు. ఇలవేల్పు పండక్కి మేము ఎవరినీ పిలవం. తలుపు తీసి ఉంటుంది, రావలసినవాళ్ళు వస్తారు. అందులోనూ ఇంట్లోవాణ్ణి పిలిస్తే వాణ్ణి పరాయివాణ్ణి చేసినట్టే. పేపర్లో వేయిస్తే పిలిచినట్టూ ఉండదు, తెలియకపోవడమూ ఉండదు అని బ్లాజో ఆలోచించాడు. అందుకే ఆఖరి లైన్లో తమ్ముడి పేరు రాసి, నాన్న మాట నాన్నతోనే మట్టిలో కలిసిపోయిందనీ, తలుపు తీసే ఉంటుందనీ రాశాడు. మిగతా ఇరవై రెండు లైన్లూ ఆ లైను దగ్గరికి రావడానికి పట్టిన దారి మాత్రమే.

ఎడిటరు గారు ఉత్తరం చదవలేదు. ఏడుసార్ల విజేత చట్టాన్ని సమర్థిస్తున్నాడని నేను చెప్పిన ముక్క ఆయనకు చాలింది. టేపు, త్రాసు తీసుకుని నన్ను వెంటబెట్టుకుని బయల్దేరారు.

బ్లాజో ఇంట్లో ద్రాక్షసారా పోసి కూర్చోబెట్టారు. ఛాతీ కొలవడానికి టేపు చాలలేదు. ఎడిటరు గారు ఆనందంతో ఆ సంగతి కూడా రాసుకున్నారు.

"పిల్లలెంతమంది?" అన్నారు.

"ముగ్గురండీ."

"భేష్! పేర్లు?"

"ఒల్గా, వేసా, నెవెనా."

ఎడిటరు గారి కలం ఆగిపోయింది. మా పెద్దల లెక్కలో పిల్లలంటే మగపిల్లలే. కూతుళ్ళ సంగతి చెప్పాల్సి వస్తే ముందు ‘క్షమించాలి’ అని, తరవాత చెప్పేవారు.

"అంటే పిల్లలు లేరని రాసుకోవాలా?" అని ఆయన మొహమాటంగా నన్నడిగారు.

స్తానా వంటింటి గుమ్మంలోంచి అందుకుంది. "ముగ్గుర్ని కన్నది నేనండీ ఎడిటరు గారూ. నొప్పులు పడేటప్పుడు ఆడపిల్ల కదా అని నాకేం తగ్గించలేదు ఎవరూ. రాసుకోండి అదీ!"

ఎడిటరు గారు కాసేపు ఆలోచించి, ‘వంశంలో మగసంతానానికి కొదవ లేదు’ అని రాసుకున్నారు. బ్లాజో పెదనాన్న కొడుకులు కలిసొచ్చారు.

"ఇంట్లో వంట ఎవరు చేస్తారు?"

"ఎక్కువ నేనే. స్తానాకి ఆస్పత్రిలో డ్యూటీ కదా. చిక్కుడుగింజలు కుండలో పెట్టి కాలిస్తే నా అంత బాగా..."

‘నిప్పుతో పోరాటం ఇతనికి నిత్యకృత్యం’ అని రాసుకున్నారు.

"ఎప్పుడైనా ఏడ్చారా?"

"నాన్న పోయినప్పుడు ఏడ్చా. తమ్ముడు వెళ్ళిపోయినప్పుడు ఇంకా ఎక్కువ ఏడ్చా. వాడు బస్సెక్కుతుంటే నేను కొట్టం వెనకాల నిలబడి చూశాను గానీ ముందుకు పోలేదండీ. నాన్నకి భయపడ్డా. ఇంత ఒళ్ళు పెట్టుకుని ఏం లాభం, చెప్పండి?"

ఇది ఏ ఆధారం కిందికీ రాదు కాబట్టి ఎడిటరు గారు రాసుకోలేదు. నేను గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

వెళ్ళేటప్పుడు బ్లాజో గుమ్మం దాకా వచ్చి నా భుజం పట్టుకున్నాడు. "బావా, ఆ ఆఖరి ముక్క వేస్తున్నారు కదా? మిగతాది ఎట్లా పోయినా సరే. అదొక్కటి ఉండాలి."

"ఎందుకు వెయ్యం బావా!" అన్నాను.

స్తానా నవ్వింది. "కందకి లేని దురద కత్తిపీటకెందుకో! ఈయన మగాడో కాదో నాకు లేని బెంగ నీ పేపరుకెందుకు అన్నయ్యా? అంత కొలిచే సరదా ఉంటే పెరట్లో కట్టెలున్నాయి, పగలగొట్టి కొలుచుకోండి."

గురువారం మొదటి పేజీ నిండా బ్లాజో ఉన్నాడు. ‘నూట ఇరవై కిలోలు – అయినా మద్దతే!’ అని శీర్షిక. రాయి భుజాన పెట్టుకున్న ఫొటో, దాని కింద కొలతల పట్టిక. పట్టికలో మెడ చుట్టుకొలత కూడా ఉండాలని ఎడిటరు గారు ఆఖరి నిమిషంలో అన్నారు. దానికి ఒక లైను స్థలం కావలసి వచ్చింది. ఉత్తరంలో చట్టాన్ని సమర్థించే ముక్కా ఆఖరి లైనూ మాత్రమే అప్పటికి మిగిలాయి, ఆ ఆఖరి లైను తీసేసి ఆ స్థలం ఇచ్చాను. తీసింది నా చేత్తోనే. సిగ్గేసింది. కానీ మెడ యాభై సెంటీమీటర్లు, దాన్ని వదులుకోవడం ఎవరి తరం?

సంచిక అమ్ముడుపోయింది. కాఫీ హోటళ్ళలో రెండు రోజులు వేరే మాట లేదు. బరువు నూట ఇరవయ్యా, నూట పదిహేడేనా అన్నదాని మీద రెండు వర్గాలయ్యాయి. పశువుల త్రాసు మీద బ్లాజోను నిలబెట్టాలని ఒక తీర్మానం జరిగింది. ఆ పై వారం వ్యతిరేకులు ఊరుకోక, పై ఊరి కసాయి ఒకణ్ణి దింపారు. అతను నూట ముప్పై రెండు కిలోలు. పోటీ పడి మేము ఒక పట్టిక మొదలుపెట్టాం. నెలాఖరుకు చట్టానికి మద్దతు వెయ్యి నూట నలభై కిలోలు, వ్యతిరేకత వెయ్యి మూడువందల తొంభై కిలోలు. లెక్కల మాస్టారు అరవై కిలోలే కావడం మద్దతుదారులను దెబ్బతీసిందని ఎడిటరు గారు సంపాదకీయంలో విచారం వెలిబుచ్చారు. అసలు ఆ చట్టంలో ఏముందని ఒక ముసలావిడ కార్యాలయానికి వచ్చి అడిగింది. మా దగ్గర దాని ప్రతి లేదు.

బ్లాజో అయితే తన ఫొటో పడ్డ వారమే వచ్చాడు. పేపరు మడిచి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"బావా, నేను రెండుసార్లు చదివా. ఆ ముక్క నాకు కనపడలేదు."

"స్థలం చాల్లేదు బావా."

"నా మెడకి చాలింది కదా," అన్నాడు. కోపంగా కూడా అనలేదు. "పోనీ పై వారం?"

పై వారం వేస్తానన్నాను, అతను నమ్మి మళ్ళీ పేపరు తిరగెయ్యలేదు. పై వారం కసాయి వచ్చాడు. ఆ పై వారం పట్టిక వచ్చింది. ఆ తరవాత పందొమ్మిదో తారీకు వచ్చింది.

ఆ పొద్దున రాజధాని నుంచి టీవీ వాళ్ళు దిగారు. ఎడిటరు గారూ నేనూ వాళ్ళకు దారి చూపించి, బ్లాజో ఇంటికి తీసుకెళ్ళాం. తలుపు తీసి ఉంది. కొవ్వొత్తి వెలుగుతోంది. ఊరు ఊరంతా వచ్చి బల్లల దగ్గర కూర్చుంది. తెల్లచొక్కా వేసుకున్న బ్లాజో గడప దగ్గర నిలబడి ఉన్నాడు. ఇలవేల్పు పండుగనాడు ఇంటి యజమాని కూర్చోకూడదు. వచ్చినవాళ్ళను లోపలికి తీసుకెళ్ళి, వడ్డించి, మళ్ళీ గడప దగ్గరికే రావాలి. ఎవరు వచ్చినా అతను తల తిప్పి వాళ్ళ వెనకాల ఇంకెవరైనా ఉన్నారా అని చూడటం నేను గమనించాను.

టీవీ ఆవిడకు మొదట్లోనే ఒక చిక్కు ఎదురైంది. ఆ పండుగ మాంసం ముట్టకూడని ఉపవాస దినాల్లో వస్తుంది. బల్ల మీద చేపలూ చిక్కుడుగింజలూ తప్ప మాంసం లేదు. "నూట ఇరవై కిలోల మనిషి, చిక్కుడుగింజలు... మా ప్రేక్షకులు నమ్మరు. ఒక మేక తొడైనా దొరకదా? తినక్కర్లేదు, పట్టుకుంటే చాలు," అన్నది. స్తానా గరిటె పట్టుకుని బయటికి వచ్చేసరికి ఆ ప్రస్తావన విరమించుకున్నారు.

"అయితే రాయి విసరండి," అన్నది.

"ఇవాళ కాదండీ. నేను గడప వదలకూడదు," అన్నాడు బ్లాజో.

ఎడిటరు గారు కల్పించుకున్నారు. "బ్లాజో! దేశం చూస్తోంది! ఒక్క విసురు ఎన్ని ఉపన్యాసాల పెట్టు! నువ్వు ఇక్కడ గుమ్మంలో నిలబడితే నీ తమ్ముడి లాంటివాళ్ళకు ఏమొస్తుంది?"

తమ్ముడి మాట ఎత్తేసరికి బ్లాజో మెత్తబడ్డాడు. "బావా, నువ్వు కాస్త గడప చూస్తావా? ఎవరైనా వస్తే లోపలికి తీసుకెళ్ళు," అని నాకు చెప్పి పెరట్లోకి వెళ్ళాడు.

మొదటి విసురుకు వెలుతురు కుదరలేదు. రెండోదానికి కుక్క అడ్డొచ్చింది. మూడో విసురులో మూలుగు సరిపోలేదట. పెరడు గుమ్మంలోంచి బాగా కనబడుతుంది కాబట్టి కెమెరాను గడప మీదే పెట్టారు. నేను దాని పక్కనే నిలబడి అడ్డొచ్చేవాళ్ళను తప్పిస్తున్నాను. ఆరో విసురప్పుడు ఇద్దరు మనుషులు మెట్లెక్కి వచ్చారు. ఒకతను గడ్డం, కళ్ళజోడు. ఇంకొకతని చేతిలో సంచులు. గడ్డం అతను గడప ముందు ఆగి టోపీ తీశాడు.

"పండుగ శుభమండీ. లోపలికి రావచ్చా?"

"ష్, షూటింగు నడుస్తోంది. కాస్త పక్కకి జరగండి, ఫ్రేములో పడుతున్నారు," అన్నాను.

అతను జరిగాడు. పెరట్లో రాయి ఎత్తుకుని ఉన్న బ్లాజోను కాసేపు చూశాడు. బ్లాజో కెమెరా వైపు చూసి మూలుగుతున్నాడు. ఆ గడ్డం అతను ఒక సంచి కిటికీ గట్టు మీద పెట్టి, రెండో అతని చెయ్యి పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. షాటు చెడనందుకు నేను ఊపిరి పీల్చుకున్నాను.

స్తానా బయటికి వచ్చి సంచి విప్పింది. నిండా చిన్న నారింజలు, ఆకులతో సహా.

"అన్నయ్యా, ఇవెవరు తెచ్చారు?"

"ఎవరో ఇద్దరు. అడ్డొస్తుంటే పక్కకు పంపాను."

"ఈ చలి కొండల్లో నారింజలెక్కడివయ్యా? ఇవి సముద్రం వైపువి!" అన్నది. నాకు అప్పుడు వెలిగింది. గడ్డం తీసేసి చూస్తే ఆ ముఖం నాకు తెలుసు. పదకొండేళ్ళ తరవాత ఇంటి గడప ముందుకు వచ్చినవాణ్ణి పక్కకు జరగమన్నాను. నా బతుకులో అంతగా ఎప్పుడూ సిగ్గుపడలేదు. ఇది పత్రిక అభిప్రాయం కాదు, నా సొంతం.

స్తానా పెరడు దద్దరిల్లేలా అరిచింది. "ఏమయ్యోయ్! ఆ రాయి అవతల పడెయ్! నీ తమ్ముడు గడప దాకా వచ్చి వెళ్ళిపోయాడు!"

బ్లాజో భుజం మీది రాయి ఉన్నచోటే పడింది. కంగారులో టీవీ వాళ్ళు తగిలి గడప మీది కెమెరా కాలు ఒకటి విరిగింది. అతను గోడ దూకి, తెల్లచొక్కా మీదే, మంచులో బస్సు రోడ్డు వైపు పరుగెత్తాడు. వెనకాల నేను, నా వెనకాల టీవీ వాళ్ళు రెండో కెమెరాతో, అందరి వెనకాల టేపు పట్టుకుని ఎడిటరు గారు.

బస్సు ఇంకా రాలేదు. వాళ్ళిద్దరూ రోడ్డు పక్క నిలబడి ఉన్నారు. బ్లాజో తమ్ముణ్ణి వాటేసుకున్నాడు.

"అన్నా... ఊపిరాడట్లేదు," అన్నాడు తమ్ముడు.

"ఆడకపోతే చావు. గడప దాకా వచ్చి వెళ్ళిపోతావంట్రా? పేపర్లో చూడలేదూ నేను రాసింది?"

"చూశా. నీ మెడ కొలత చూశా, ఛాతీ కొలత చూశా. నాకోసం ఏమైనా ఉందేమోనని రెండుసార్లు వెతికా. కనపళ్ళేదు. అయినా ఉండబట్టలేక వచ్చా."

బ్లాజో నా వైపు చూశాడు. నేను బూట్ల వైపు చూసుకున్నాను. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తరవాత బ్లాజో, సంచులు పట్టుకుని దూరంగా నిలబడ్డ రెండో అతని దగ్గరికి వెళ్ళాడు.

"నువ్వేంటి అట్లా నిలబడిపోయావ్? ఇవాళ మా ఇంట్లో నిలబడాల్సినవాణ్ణి నేనొక్కణ్ణే. నువ్వొచ్చి కూర్చో. మావాడు నీకేమైనా వండి పెడుతున్నాడా, అసలు?"

"లేదండీ, నేనే వండుతా."

"ఇంకేం, నువ్వూ నా పార్టీయే. పద."

ముగ్గురూ ఇంటివైపు నడిచారు. ఆ రోజు బ్లాజో మళ్ళీ గడప వదలలేదు, టీవీ ఆవిడ ఎంత బతిమాలినా రాయి ముట్టలేదు.

మా పై సంచిక ‘కొండపిలుపు’ చరిత్రలోనే అత్యుత్తమమైనది. ‘నూట ఇరవై కిలోల పరుగు’ అని శీర్షిక పెట్టాం. అరమైలు దూరం, మంచులో, కోటు లేకుండా. కౌగిలింత విషయంలో కొందరు పాఠకులు ఆందోళన చెందవచ్చునని ఎడిటరు గారు ముందే ఊహించి, టీవీ దృశ్యాన్ని తెప్పించుకుని నాలుగుసార్లు పరిశీలించారు. వీపు మీద గట్టి దెబ్బలు అయిదు పడ్డట్టు తేలింది కాబట్టి కౌగిలింత నిబంధనలకు లోబడే ఉన్నదని ధ్రువీకరించారు. ఫొటోలో విజేత చెయ్యి బాగా కనబడాలని ఒక పక్క కత్తిరించాం. తమ్ముడిది ఒక చెవి మిగిలింది. సంచులు పట్టుకున్నతను పూర్తిగా పోయాడు. కింద ‘సోదరుడితో బ్లాజో’ అని వేశాం.

ఆ వారం నాలుగు వందల పన్నెండు ఉత్తరాలు వచ్చాయి. అన్నీ నేనే విప్పాను. అతను మీసానికి ఏ నూనె రాస్తాడని అడిగినవారున్నారు. ఆ పరుగు తిన్నాక తీసినదా, తినకముందా అని అడిగినవారున్నారు. కసాయితో ఎదురెదురుగా దింపాలని కోరినవారే ఎక్కువ. పదకొండేళ్ళ తరవాత ఇంటికి వచ్చిన ఆ మనిషి ఎవరు, అతని పేరేమిటి అని అడిగిన ఉత్తరం ఒక్కటి దొరుకుతుందేమోనని చివరి కవరు దాకా చూశాను. లేదు.

మా పాఠకులు అలాంటివాళ్ళేనని మీరు నవ్వుకోవచ్చు. వాళ్ళు కొండవాళ్ళు, మీరు చదువుకున్నవాళ్ళు, ఈ కథ మొదటినుంచీ శ్రద్ధగా చదువుతున్నారు. బ్లాజో బరువు మీకు చెప్పాను, మెడ కొలత చెప్పాను, కూతుళ్ళ పేర్లు మూడూ చెప్పాను. అతని తమ్ముడి పేరు నాకు తెలుసు, నేను కొట్టేసిన లైన్లోనే ఉంది. మీరు అడిగి ఉంటే చెప్పేవాణ్ణే.